పాట రాని టీచరు రాస్తున్న ఉత్తరం

సంపాదకులు గారికి,

నమస్కారం. చిన్న తరగతుల పిల్లల్లో బడి భయం గురించి, దాన్ని సంగీతంతో తగ్గించడం గురించి ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఈ విషయం ఎత్తుకున్నందుకు సంతోషం. కానీ అందులో చెప్పిన ఉపాయం మాత్రం నాకు మింగుడు పడలేదు. ప్రతి తరగతి గదిలో ఒక స్పీకరు పెట్టి, పొద్దున పదిహేను నిమిషాలు 'ప్రశాంత సంగీతం' వినిపిస్తే చాలన్నారు. నేను 26 ఏళ్లుగా ఒకటో తరగతికే పాఠం చెబుతున్నాను. పై తరగతులకు వెళ్తారా అని రెండుసార్లు అడిగారు, వెళ్లలేదు. నాకు పాట రాదు. చిన్నప్పుడు బృందగానంలో నన్ను వెనక వరసలో నిలబెట్టి, 'నువ్వు ఊరికే పెదాలు కదుపమ్మా, చాలు' అన్నారు. ఆ గొంతుతోనే ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాను కాబట్టి ఈ సంగతి మీద నాలుగు మాటలు రాయొచ్చనుకుంటున్నాను.

బోర్డు మీద తేదీ రాసేటప్పుడు కూనిరాగం తీసే అలవాటు నాకుందని నాకే తెలియదు. ఒకరోజు ఇంట్లో ఏదో చికాకు. మౌనంగా తేదీ రాసి వెనక్కి తిరిగాను. ముందు బెంచీలో పాప లేచి నిలబడి, 'టీచర్, ఇవాళ మా మీద కోపమా?' అంది. లేదమ్మా, ఎందుకలా అనుకున్నావంటే, 'మీరు ఊఁ ఊఁ అనలేదుగా' అంది. సగం తరగతి తలలూపింది.

అంటే అన్నాళ్లుగా వాళ్లు నా కూనిరాగం విని ఆ రోజు గండం ఉందో లేదో లెక్క వేసుకుంటున్నారన్నమాట! ఆ రోజంతా నాకు అదే ఆలోచన. ఆరేళ్ల పిల్లకు పాట మొదట చెప్పేది ఒక కబురు. ఈ మనిషి ఊపిరి నిమ్మళంగా ఉంది, ఈ మనిషి ఇప్పట్లో అరవదు. కూనిరాగం తీస్తూ ఎవరూ ఎవర్నీ కసరలేరు, కావాలంటే ప్రయత్నించి చూడండి. స్పీకరుకు ఆ కబురు చెప్పడం చేతకాదు. వేణువు హాయిగా మోగుతూనే ఉంటుంది, పక్కన టీచరు బల్ల గుద్దుతూనే ఉంటుంది.

ఊహించి రాయడం లేదు. మా బడిలోనూ ఒక ఏడాది ఈ స్పీకర్ల ముచ్చట తీరింది. ఎవరో వచ్చి యాజమాన్యానికి ఒక యాప్ అంటగట్టి వెళ్లారు. గేటు దగ్గర ఒకటి, వరండాలో రెండు. వేణువు, మధ్యమధ్య నీటి చప్పుడు, పిట్టల కూతలు. బడి ఖాళీగా ఉన్నప్పుడు వింటే నిజంగానే బాగుండేది. పిల్లలు వచ్చేసరికి వాళ్ల గోల వేణువును మింగేసేది. అది వినపడాలని ఆయా శబ్దం పెంచేది. దాన్ని దాటి మాట్లాడాలని పిల్లలు ఇంకా గట్టిగా అరిచేవారు. తల్లి చెయ్యి వదలని పిల్లలు ఎప్పట్లాగే గేటు దగ్గర వేలాడుతుండగా, రెండు చెవులూ మూసుకుని లోపలికి పరిగెత్తే పిల్లలు కొత్తగా తయారయ్యారు. పాఠం జరిగే గదిలో బయటి రొద 35 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. అంటే ఇంచుమించు గుసగుసంత. భయంతో వచ్చే పిల్లకు ముందు ఉన్న మోత తగ్గించాలి, పాట సంగతి ఆ తర్వాత.

యాప్ అమ్మిన ఆయన పాశ్చాత్య సంగీతకారుడు మొజార్ట్ పేరు కూడా వాడుకున్నాడు. ఆ సంగీతం వింటే తెలివి పెరుగుతుందన్న కథ పుట్టింది 1993లో. అప్పుడు పరీక్షించింది 36 మంది కాలేజీ విద్యార్థులను. కనబడిన లాభం ఒక రకం బొమ్మల లెక్కల్లో, అదీ పావుగంట లోపే. పసిపిల్లల ఊసే అందులో లేదు. అయినా 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక సంగీతం రికార్డు ఇవ్వడానికి డబ్బు అడిగాడు. సంగీతం పేరు చెబితే పెద్దవాళ్లం ఎంత తొందరగా సంచీ విప్పుతామో!

మీ వ్యాసంలో 'శిశుర్వేత్తి పశుర్వేత్తి' కూడా ఉంది. కాదనను. కానీ ఆ మాట పుట్టిన నాడు గానం అంటే ఎదురుగా కూర్చున్న మనిషి గొంతు. పసివాడు రాగంతో పాటు ఆ మొహాన్నీ చదువుకునేవాడు.

అలాగని రికార్డు చేసిన పాట బొత్తిగా దండగ అంటే అబద్ధమవుతుంది. 2016లో మాంట్రియల్ పరిశోధకులు ఏడాది లోపు పసిపిల్లలకు వాళ్లెప్పుడూ వినని తుర్కీ భాషలో పాటలు, మాటలు రికార్డు చేసి వినిపించారు. మాటలు విన్నవాళ్లు ఇంచుమించు నాలుగు నిమిషాలకే ఏడుపు మొహం పెట్టారు, పాట విన్నవాళ్లు తొమ్మిది నిమిషాల దాకా ఓపిక పట్టారు. కెనడాలోనే 2013లో, ఆసుపత్రి అత్యవసర విభాగంలో రక్తనాళానికి సూది గుచ్చేటప్పుడు 3 నుంచి 11 ఏళ్ల పిల్లలకు సంగీతం వినిపించి చూశారు. సంగీతం లేనివాళ్లకు నొప్పి పెరిగింది, విన్నవాళ్లకు పెరగలేదు. కాబట్టి ఆసుపత్రిలో, ఒక్క పిల్లవాడికి, కాసేపటికి రికార్డు చాలా మేలు. ముప్ఫై నాలుగు మంది ఒకరినొకరు తోసుకుంటూ రోజుకు ఆరేడు గంటలు గడిపే గది సంగతి వేరు.

ఇక నా తరగతిలో ఏం చేస్తానో చెబుతాను.

భయపడ్డ పిల్లల్ని దగ్గర నుంచి చూస్తే భుజాలు పైకి లేచి ఉంటాయి. ఊపిరి పొట్ట దాకా దిగదు, పైపైనే ఆడుతుంటుంది. ఆరేళ్ల పిల్లలు కుదురుగా ఉన్నప్పుడే నిమిషానికి 18 నుంచి 25 సార్లు ఊపిరి తీస్తారు, ఏడుపు ముంచుకొస్తుంటే లెక్కే ఉండదు. అప్పుడు మనమేమో 'గట్టిగా గాలి పీల్చుకో నాన్నా' అంటాం. పాపం వాడు మాట వింటాడు. గుప్పున పీలుస్తాడు, భుజాలు చెవుల్ని తాకుతాయి, దడ ఇంకా పెరుగుతుంది. అసలు గుట్టు గాలి వదలడంలో ఉంది. గాలి లోపలికి పోయేటప్పుడు గుండె కాస్త వేగం అందుకుంటుంది, బయటికి వచ్చేటప్పుడు నెమ్మదిస్తుంది. మెదడు నుంచి గుండెకూ పొట్టకూ దిగే వేగస్ నాడి ఆ పగ్గం పట్టుకుని ఉంటుంది. బడి టైముకు వచ్చే కడుపునొప్పి వేషం కాదని, పిల్లలకు నిజంగానే నొప్పి పుడుతుందని తల్లిదండ్రులకు చెప్పీ చెప్పీ అలిసిపోయాను.

ఒక పాదం పాడాలంటే నాలుగైదు సెకన్లు గాలి వదులుతూనే ఉండాలి. ఊపిరి అన్న మాట ఎత్తకుండానే ఆ పని జరిగిపోతుంది. నోరు మూసుకుని 'మ్‌...' అని లాగితే గాలి ఇంకా పొదుపుగా పోతుంది. పైగా పెదాలు జివ్వుమంటాయి కాబట్టి పిల్లలకు అదొక ఆట. 'తుమ్మెద నోట్లో ఎంతసేపు ఉంటుందో చూద్దాం' అంటాను. పందెం మాత్రం పెట్టను. పెట్టి చూశాను, మొహాలు ఎర్రబడేదాకా బిగబట్టారు.

అందరూ కలిసి లాగితే ఇంకో చిత్రం. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో పద్దెనిమిదేళ్ల పిల్లల చేత కలిసి పాడించి గుండె కొట్టుకోవడం కొలిచారు. నిదానమైన పాటలో ఊపిర్లు ఒకేసారి పడుతుంటే గుండెల వేగం కూడా కలిసి పెరగడం, కలిసి తగ్గడం కనబడింది. నా దగ్గర కొలిచే యంత్రం లేదు. నాలుగో సారి లాగేసరికి ముప్ఫై నాలుగు జతల భుజాలు ఒక్కసారి దిగడం మాత్రం కళ్లతో చూస్తాను.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా రాయాలి. ఒకరోజు మధ్యాహ్నం పెద్ద వాన. చీకటి కమ్మింది, కరెంటు పోయింది, ఉరుముకు కిటికీ రెక్కలు దడదడలాడాయి. ఒకరు మొదలుపెడితే పది మంది ఏడుపు అందుకున్నారు, మిగిలినవాళ్లు బెంచీలెక్కి గంతులు. నేను తెలివిగా జోల ఎత్తుకున్నాను. ఏడ్చేవాళ్లు నన్ను పట్టించుకోలేదు, గెంతేవాళ్లు పకపకా నవ్వారు. ఒకడు 'టీచర్‌కి నిద్రొస్తోంది రోయ్' అన్నాడు. ఏం చేయాలో తోచక, వాళ్ల గెంతులకు సరిగ్గా అంతే జోరుగా డస్టరుతో బల్ల మీద దరువు వేశాను. అందరూ ఇటు తిరిగారు. వాళ్ల చేతులు కూడా బల్లల మీద పడ్డాయి. గోడ గడియారం సెకన్ల ముల్లు ఒకసారి కదిలేలోపు రెండు దెబ్బలు పడుతున్నాయి. వాళ్లు నాతో కలిశారని రూఢి అయ్యాక ఒక పిసరు తగ్గించాను. ఇంకొంచెం. నాలుగైదు నిమిషాలకు సెకనుకు ఒక్క దెబ్బ మీదికి వచ్చాం. అప్పుడెత్తాను జోల. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

సంగీత చికిత్స చేసేవాళ్లకు ఇదేమీ కొత్త కాదని తర్వాత చదివాను. మనిషి ఏ ఊపులో ఉన్నాడో అక్కడి నుంచే పాట మొదలుపెట్టి మెల్లగా కావలసిన చోటికి తీసుకురావాలని ఇరా ఆల్ట్‌షులర్ అనే అమెరికా మానసిక వైద్యుడు 1940ల్లోనే చెప్పాడట. నాకు అది డస్టరు చెప్పింది. స్పీకరుతో వచ్చే అసలు చిక్కూ ఇదే. గదిలో పిల్లలు ఏ జోరులో ఉన్నారో దానికి తెలియదు. తుపానులో ఉన్నా అదే వేణువు, తూగుతున్నా అదే వేణువు.

పాట ఆపాక వచ్చే నిశ్శబ్దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇటలీ పరిశోధకులు 2006లో 24 మందికి రకరకాల సంగీతం వినిపిస్తూ మధ్యలో రెండు నిమిషాలు ఆపారు. ఆ ఖాళీలో గుండె వేగం, రక్తపోటు సంగీతం మొదలుకాక ముందు ఉన్నదానికంటే కూడా కిందికి దిగాయి. మా ఒకటో తరగతికి రెండు నిమిషాలంటే రెండు యుగాలు. నేను మనసులో ఇరవై లెక్కపెడతానంతే. మొదట్లో పదికే ఎవడో ఒకడు కిసుక్కుమనేవాడు. ఇప్పుడు ఆ ఇరవైకి వాళ్లే కాపలా. మొన్న అటెండరు హాజరు పట్టీ కోసం తలుపు తోస్తే ముప్ఫై వేళ్లు పెదాల మీదికి వెళ్లాయి. పాపం ఆయన గడప అవతలే కాళ్లు బిగించి నిలబడిపోయాడు.

మూడేళ్ల కిందట ఒక బాబు వచ్చాడు. భుజాల మీది సంచి దించేవాడు కాదు. బెంచీలో వెనక్కి ఆనుకోవడానికి వీల్లేక ముందుకు వంగి కూర్చునేవాడు, రాసేటప్పుడూ అంతే. దింపబోతే పట్టీలు గట్టిగా పట్టుకునేవాడు. ఎప్పుడు లేచి పారిపోవాల్సి వస్తుందో అని సిద్ధంగా ఉండేవాడని నాకు ఆలస్యంగా అర్థమైంది. నేను బలవంతం చేయలేదు. రోజూ అదే పాట, అదే వేళ, హాజరు వేశాక. పాట మార్చొద్దని ఇక్కడ గట్టిగా చెబుతాను. పెద్దవాళ్లకు విసుగు పుట్టించేదే పిల్లలకు ధీమా. ఈ పాదం తర్వాత ఏ పాదం వస్తుందో ముందే తెలియడం చిన్న సంగతి కాదు. రెండు వారాల దాకా వాడు నోరు మెదపలేదు. తర్వాత వేళ్లు బల్ల మీద ఆడాయి. దరువు ఇద్దరిద్దరు కలిసి వేయాలి, పక్కవాడి చెయ్యి నీ చెయ్యి ఒకేసారి పడాలి. ఆరో వారంలో ఒకరోజు 'మ్‌' లాగుతూ లాగుతూ వాడు వెనక్కి ఆనబోయాడు, సంచి అడ్డొచ్చింది. విసుక్కుంటూ తీసి కింద పడేశాడు. నేను చూడనట్టు బోర్డువైపు తిరిగాను.

కథ ఇక్కడ ఆపితే మీకు మంచి ఉత్తరం అవుతుంది, వాడికి అన్యాయం అవుతుంది. సంచి దించిన నాలుగు రోజులకు నా దగ్గరికి వచ్చి, వ్యానులో పెద్ద పిల్లలు రోజూ తన పుస్తకాలు లాక్కుని కిటికీలోంచి విసిరేస్తామంటున్నారని చెప్పాడు. వాడు భయపడింది ఉత్తినే కాదు, వ్యానులో కారణం కూర్చుని ఉంది. డ్రైవరుతో, ఆ పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడితే గాని ఆ కారణం పోలేదు. పాట వాడి నోరు తెరిపించింది, అంతవరకే దాని పని. నిజమైన భయాన్ని జోకొట్టి పడుకోబెట్టడానికి పాట వాడితే నోరు నొక్కినట్టే. ఇళ్లల్లో కూడా 'ఏడవకు, పాట పెడతాను' అనే ముందు ఎందుకు ఏడుస్తున్నావని అడగండి.

పాట పడని పిల్లలూ ఉంటారు. కిందటేడు ఒక పాప, మేమంతా కలిసి ఎత్తుకోగానే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరేది. కొందరు పిల్లలకు శబ్దం ఒంటికి గుచ్చుకున్నట్టు ఉంటుంది. మొదట మొండితనం అనుకున్నాను, నా తప్పే. తర్వాత ఆమెను తలుపు పక్కన కూర్చోబెట్టి, అరచేయి బల్ల మీద ఆనించి దరువు చేత్తో వినమన్నాను. ఏడాది చివరిదాకా పాడలేదు, బల్ల కిందికీ దూరలేదు. వారాల తరబడి బడికి రానని మొరాయిస్తున్నా, నిద్ర చెడినా, తిండి మానేసినా పాటలతో కాలం గడపకుండా పిల్లల డాక్టరుకో, కౌన్సెలరుకో చూపించాలి. నేను టీచర్ని, వైద్యం నా పని కాదు.

సంగీతం భయం పోగొడుతుందని రాశారు, సంగీతమే భయం పెట్టిన పిల్లల్ని కూడా నేను చూశాను. వార్షికోత్సవం దగ్గరపడితే సంగీతం పీరియడ్ కాస్తా రిహార్సల్ అవుతుంది. శ్రుతి కుదరని పిల్లల్ని వెనక్కి నెడతారు, పెదాలు కదపమంటారు. నలభై ఏళ్లు దాటినా ఆ మాట నా చెవిలో ఉంది. ఆరేళ్ల వాళ్ల చెవిలో పడకుండా చూడటం నా చేతిలో ఉంది కాబట్టి నా తరగతి పాటకు మార్కులు లేవు, వేదిక లేదు, ఫోనులో తీయడం లేదు. జర్మనీలో మైకేల్ టొమసెల్లో, సెబాస్టియన్ కిర్ష్‌నర్ అనే పరిశోధకులు నాలుగేళ్ల పిల్లల్ని జంటలుగా ఆడించి 2010లో ఒక విషయం రాశారు. పాటా దరువూ కలిపి ఆడుకున్న జంటలు, పాట లేకుండా అదే ఆట ఆడిన జంటలకంటే తర్వాత ఒకరికొకరు ఎక్కువ సాయపడ్డారట.

మీ పత్రిక ద్వారా బడులు నడిపేవాళ్లను నేను అడిగేది స్పీకరు ఖరీదుకంటే చవక. ఒకటో, రెండో తరగతుల టైంటేబుల్లో హాజరు తర్వాత అయిదు నిమిషాలు ఖాళీ వదలండి, ఆ అయిదు నిమిషాల్లో ఎవరూ తలుపు తోయకండి. చిన్న తరగతుల టీచర్లకు శిక్షణలో చార్టులు అంటించడంతో పాటు ఒక పూట గొంతు విప్పనివ్వండి. సంగీతం మాస్టార్లను వార్షికోత్సవం పనికి కాక, ఆ ఒక పూటకు పిలవండి. గేటు దగ్గర స్పీకరు ఉంటే తీసేసి, అక్కడ పేరు పెట్టి పిలిచే ఒక మనిషిని నిలబెట్టండి.

ఈ ఏడాది చివర నేను పదవీ విరమణ చేస్తున్నాను. నా తరగతి తీసుకోబోయే అమ్మాయి రెండు వారాలుగా వెనక బెంచీలో కూర్చుని చూస్తోంది. 'అక్కా, అన్నీ నేర్చుకుంటాను గానీ పాట ఒక్కటి నా వల్ల కాదు, నా గొంతు మీరు వినలేదు' అంది. నా గొంతు విన్నావుగా అన్నాను. సోమవారం నేను కావాలనే పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లాను. లోపల దరువు వినిపిస్తోంది, మరీ వేగంగా. కిటికీ పక్కన ఆగాను. ముందు బెంచీలోంచి ఎవరో, 'టీచర్, ఇప్పుడు కొంచెం తగ్గించాలి' అన్నారు. ఆమె తగ్గించింది. 'ఇంకొంచెం' అన్నారు.

ఇట్లు,
ఒక ఒకటో తరగతి టీచరు

(పేరు, చిరునామా విడిగా జతచేశాను. పిల్లల సంగతులు రాశాను కాబట్టి దయచేసి అవి ప్రచురించవద్దు.)